పిడికెడు కూన, పట్టెడు మెతుకులు

కుక్కపిల్ల అన్నము తినుట లేదన్న సంగతి రేడియోలో ప్రసంగింపదగిన విషయమా యని కొందరు శ్రోతలు నవ్వవచ్చును. ఒకప్పుడు మేమును నవ్వియుందుము. మన ఊళ్ళలో కుక్కకు తిండి పెట్టుట ఒక సమస్య యని ఎవ్వరును ఎరుగరు. మిగిలిన అన్నమును పెరటిలో ఒక మూల వేసినచో క్షణములో మాయమగును. వేయకున్న దొడ్డిగోడ దూకి పొరుగింటివారిది తినివచ్చును. తిండికై పేచీ పెట్టు కుక్కను మన తాతలు చూచియుండరు. కాని ఇటీవలి కాలమున హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల వంటి నగరములలోని అపార్టుమెంట్లలో వేరొక తీరు కుక్క వచ్చి చేరినది. అది అరచేతిలో ఇముడును. పరుపుమీద నిద్రించును. దాని యెదుట పళ్ళెము పెట్టిన వాసన చూచి, ముఖము త్రిప్పుకొని, యజమానుని వంక చూచును. అప్పుడు ఇంటిల్లిపాదికిని కాలు నిలువదు.

వీనిని ఆంగ్లములో 'టాయ్' జాతులందురు; ఆటబొమ్మల వంటివని అర్థము. చివావా, యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్, పామరేనియన్ మొదలగునవి ఈ కోవలోనివి. అమెరికాలోని కెన్నెల్ క్లబ్బు ప్రమాణమును బట్టి చివావా ఆరు పౌండ్లు, అనగా సుమారు 2.7 కిలోలు మించరాదు. పామరేనియన్ మూడు మొదలు ఏడు పౌండ్ల వరకు ఉండవచ్చును. ఇక్కడ మన తెలుగువారికి ఒక చిక్కు కలదు. మన ఊళ్ళలో ఎంతో కాలముగా పామరేనియన్ అని పిలుచుచు వచ్చిన తెల్లని బొచ్చుకుక్క నిజమునకు ఇండియన్ స్పిట్జ్. అది ఇంతకన్న పెద్దది, గట్టిది, మజ్జిగన్నముతోనే పదేండ్లు బ్రదికిన ప్రాణి. దానిని పెంచిన అనుభవము గల పెద్దలు ప్రతి ఇంటను ఉందురు. ఆ అనుభవమునే ఈ అరచేతి కూనలకు అన్వయించుటలో మొదటి పొరపాటు జరుగును. మా ఇంట జరిగినదియు అదియే.

గత కార్తికమాసములో మా అమ్మాయి పోరు పడలేక ఒక నల్లని పామరేనియన్ పిల్లను తెచ్చితిమి. అమ్మినవాడు దానిని 'టీకప్పు' అనెను. టీకప్పు అను జాతి ఏ దేశపు కుక్కల సంఘమును గుర్తించినది కాదు. మామూలు పిల్లలకన్న చిన్నగా పుట్టిన దానిని ఎక్కువ ధరకు అమ్ముటకు వర్తకులు కల్పించిన పేరది. ఎనిమిది వారములు నిండినవని చెప్పెను. తరువాత డాక్టరుగారు పళ్ళు చూచి ఏడు వారములు కూడ నిండియుండవనిరి. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని 2017లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలలో ఉన్నది; ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. పిల్ల తూకము 620 గ్రాములు. నల్లగా, గుండ్రముగా, ఘాటుగా ఉన్నదని మా అమ్మాయి దానికి మిరియము అని పేరు పెట్టెను.

మొదటి దినమున మిరియము ఏమియు ముట్టలేదు. పాలు పోసితిమి, రెండు చుక్కలు నాకి విడిచెను. పెరుగన్నము పెట్టితిమి, కాలు పెట్టి తొక్కెను. మేము తొట్రుపడుచుండగా మా అమ్మగారు, "ఎందుకురా అంత హైరానా? ఆకలి రుచెరుగదు. ఆకలేస్తే అదే తింటుంది" అనిరి. ఎన్నియో కుక్కలను, అంతకు మించి పిల్లలను పెంచిన చేయి అది. మేము సమాధానపడితిమి. రెండవనాడును రెండు మూడు మెతుకులు తప్ప దిగలేదు. ఆ రాత్రి చలిగానుండెను. తెల్లవారి ప్రసారమునకై మేము నాలుగున్నరకు లేచితిమి. అంతకు ముందటి ఉదయమున మా అడుగుల చప్పుడు విని కుంయికుంయిమన్న పిల్ల ఆనాడు పలుకలేదు. ప్రసారములో అయిదు క్షణములు నిశ్శబ్దమైనచో గుండె ఆగిపోవు వృత్తి మాది. ఇంటిలోని ఆ నిశ్శబ్దమును మాత్రము గుర్తింపలేదు. చెప్పులు వేసుకొనుచు బుట్టలో చేయి పెట్టి చూడగా ఒడలు చల్లగానుండెను. ఎత్తి నిలబెట్టిన నాలుగు కాళ్ళును నాలుగు ప్రక్కలకు పోయెను. తల ఊగుచుండెను. కన్నులు తెరచియున్నవి గాని మమ్ము చూచుట లేదు.

ఎరిగిన పశువైద్యుడొకరు ఆ వేళలో ఫోనెత్తుట మా అదృష్టము. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "తిని ఎన్ని గంటలయినది?" అని. రెండవ మాట, "చక్కెర, తేనె, గ్లూకోజు, ఏదున్న దానిని చిగుళ్ళకు రాయండి. పోయవద్దు, రాయండి" అని. రాసితిమి. ఉన్ని గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకొంటిమి. పది నిమిషములలో అది నాలుకతో పెదవి నాకుకొనెను. ఆనాటి ప్రసారమునకు మాకు బదులు మరియొకరు కూర్చుండిరి.

తరువాత డాక్టరుగారు సెలైనుతో గ్లూకోజు ఎక్కించి, పిల్ల తేరుకొన్న పిమ్మట మాకు విప్పి చెప్పిన సంగతిని శ్రోతలకు చెప్పవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఉగ్గుగిన్నెలోని పాలు చల్లారినంత త్వరగా గుండిగలోని పాలు చల్లారవు. దేహము చిన్నదైన కొలది దాని బరువుతో పోల్చినపుడు చర్మపు వైశాల్యము ఎక్కువ. వేడి బయటకు పోవు దారులు ఎక్కువ. పోయిన వేడిని పూరించుటకు లోపల ఎక్కువగా మండవలెను. మండుటకు తిండి కావలెను. జర్మను శాస్త్రజ్ఞుడు మాక్స్ రుబ్నర్ 1883లో ఈ సంగతిని కుక్కలతోనే నిరూపించెను. ఆయన పరీక్షించిన కుక్కలలో మిక్కిలి పెద్దది 31 కిలోలు, మిక్కిలి చిన్నది మూడు కిలోల పైచిలుకు. పెద్దది దినమునకు కిలో ఒక్కింటికి సుమారు 35 కాలరీలు ఖర్చు చేయగా, చిన్నది సుమారు 88 ఖర్చు చేసెను. 1932లో మాక్స్ క్లైబర్ అను శాస్త్రజ్ఞుడు ఈ లెక్కను ఇంకను సవరించి ఒక సూత్రము కట్టెను. నేటికిని పశువైద్యులు దానిని ఆధారము చేసికొనియే కుక్కల తిండి లెక్కింతురు. ఆ లెక్కను బట్టి ఎదుగుచున్న 600 గ్రాముల పిల్లకు దినమునకు సుమారు 140 కాలరీలు కావలెను. ఇది స్వల్పముగా తోచవచ్చును గాని, అదే దామాషాలో అరువది కిలోల మనిషి తినవలసివచ్చినచో దినమునకు పదునాలుగు వేల కాలరీలగును! భోజనప్రియులమని పేరుపడిన వారము గూడ అంత తినలేము.

ఖర్చు ఇంత పెద్దది. నిలువయో అతి స్వల్పము. మనకుగాని పెద్దకుక్కకుగాని భోజనమునకు భోజనమునకు నడుమ రక్తములో చక్కెర తగ్గకుండ కాపాడునది కాలేయము. తిన్నదానిలో కొంత గ్లైకోజెన్ అను రూపమున అక్కడ దాచియుంచి, వలసినపుడు చక్కెరగా మార్చి విడుచుచుండును. అది చాలనపుడు కండలనుండి, క్రొవ్వునుండి తీసికొనును. ఏడెనిమిది వారముల టాయ్ పిల్లకు కాలేయము చిన్నది, పని యింకను సరిగా అలవడనిది. కండ లేదు, క్రొవ్వు లేదు. గాదె లేని కాపురము: ఏ పూటకు ఆ పూట కొలుచుకొని వండుకొనవలసినదే. రెండు పూటలు తప్పినచో రక్తములో చక్కెర పడిపోవును. మెదడునకు చక్కెరయే ఇంధనము. అది తగ్గగానే పిల్లకు మత్తు వచ్చును, తూలును, వణకును. మరికొంత తగ్గినచో మూర్ఛలు వచ్చును. ఆపైన ప్రాణము పోవును. ఇందులో ఒక క్రూరమైన మెలిక కలదు. చక్కెర తగ్గిన పిల్లకు ఆకలి పెరుగుట లేదు, మత్తు పెరుగుచున్నది. మత్తులోనున్న పిల్ల తినదు. తినదు గనుక మత్తు ఇంకను పెరుగును. "ఆకలేస్తే అదే తింటుంది" అన్న మాట గడప దాటి నడువగల ప్రతి కుక్క విషయమునను నిజము. ఈ కూనల విషయమున మాత్రము ఆ ఆకలి మాట్లాడకముందే నోరు మూతపడును.

ప్రథమచికిత్స ఇంతకుముందే చెప్పితిమి గాని, ప్రాణముతో పని గనుక మరల చెప్పుట తప్పు కాదు. గ్లూకోజు పొడిని కొద్ది గోరువెచ్చని నీటితో చిక్కగా కలిపిగాని, పంచదార పాకమునుగాని, తేనెనుగాని వ్రేలితో చిగుళ్ళకు, నాలుక క్రిందను కొద్దికొద్దిగా రాయవలెను. తెలివి లేని పిల్ల నోట ఏదియు పోయరాదు; అది కడుపునకు గాక ఊపిరితిత్తులలోనికి పోవును. మూర్ఛలో దవడలు బిగియుచున్నచో పళ్ళ నడుమ వ్రేలు పెట్టరాదు, పెదవి లోపలి తట్టున రాసిన చాలును. ఒడలు వెచ్చగా ఉంచవలెను. తేరుకొన్నదని ఊరుకొనక వెంటనే వైద్యునికడకు కొనిపోవలెను, ఏలయన చక్కెర గంటలో మరల పడిపోవచ్చును. మరియొక మాట: ఇది మందేకాని తిండి కాదు. ఈ భయముతో దినమంతయు తేనె నాకించువారు ఉన్నారు. తీపి తిని కడుపు నిండినదనుకొన్న పిల్ల అసలు తిండి మానును.

మిరియము బ్రదికినది. ఇక రెండవ పొరపాటు చెప్పెదము. ఇది మొదటిదానికన్న తియ్యనిది. అందుచేత తెలిసికొనుట కష్టమైనది.

ఆ తెల్లవారుజాము చూచిన పిమ్మట మా ఇంట ఎవ్వరికిని ధైర్యము లేకపోయెను. మిరియము పళ్ళెమునుండి తల త్రిప్పినచో మా ఆవిడ చేతితో కలిపి పెట్టును. అది వలదన్న మా అమ్మాయి కోడి కాలేయము వేయించి, చిదిపి, నోటికి అందించును. అదియు వలదన్న మేము జున్ను ముక్క తెత్తుము. "ఆకలి రుచెరుగదు" అన్న మా అమ్మగారే ఉగ్గుగిన్నె పట్టుకొని మంచము క్రింద దూరిరి! పదునైదు దినములు తిరుగులోపల మిరియము పళ్ళెమును చూచుట మానెను. మా చేతులను చూచుట నేర్చెను. మొదట పెట్టినది కాదనినచో రెండవది వచ్చునని, రెండవది కాదనినచో మూడవది ఇంకను రుచిగా ఉండునని దానికి చక్కగా అర్థమైనది. ఇందులో దాని తప్పేమియు లేదు. పాఠము చెప్పినది మేము, నేర్చినది అది. కష్టమెక్కడ వచ్చినదనగా, ఇంత ఆరాటము నడుమ తొమ్మిది దినములు వరుసగా పిల్ల తూకము 720 గ్రాములు దాటలేదు. రుచి చూచుటయే గాని తినుట లేదు.

అప్పుడు డాక్టరుగారు చెప్పిన ఉపాయము వినుటకు సులభము. దినమునకు అయిదారు వేళలు నియమింపుడు. వేళకు పళ్ళెము పెట్టుడు. పదునైదు ఇరువది నిమిషములు చూచి, తిన్నను తినకున్నను తీసివేయుడు. నడుమ ఏమియు పెట్టకుడు. మాకు గుండె గుభిల్లుమన్నది. "పస్తు పెట్టితే ఏమైనదో చూచితిమి గదా?" అంటిమి. ఆయన నవ్వి, "పళ్ళెము తీయుట వేరు, పస్తు పెట్టుట వేరు" అనిరి. ఈ భేదమే మొత్తము సంగతికి కీలకమని మా అభిప్రాయము. పెద్దకుక్క పెంకితనము మాన్పుటకు ఒక దినము పళ్ళెము తీసినను ప్రమాదము లేదు. ఈ కూనకు పగలు నాలుగైదు గంటలు మించి కడుపు ఖాళీగా ఉండరాదు. కావున తీసిన పళ్ళెమును రెండు గంటలకు మరల పెట్టవలెను. పెట్టునది మాత్రము మొదటి తిండియే, తాజాగా కలిపి వెచ్చచేసినది. కాదనినందువలన కొత్త వంటకము రాదని పిల్లకు తెలియవలెను. కాదనినందువలన తిండియే రాకుండపోదని మనము చూడవలెను. వరుసగా రెండు మార్లు కాదనినచోగాని, మందకొడిగా తోచినచోగాని అది పెంకితనమను మాట మరచి వైద్యునికి చూపవలెను.

రాత్రివేళ ఎడము తగ్గించుటకు మా వృత్తియే మాకు తోడ్పడినది. రాత్రి ప్రసారము ముగించుకొని పదునొకండున్నరకు ఇల్లు చేరువారు ఒకరు, తెల్లవారి ప్రసారమునకు నాలుగున్నరకు లేచువారు ఒకరు మా ఇంట వంతులవారీగా ఉందుము గదా. ఇతరులు అలారము పెట్టుకొనవలసినదే. నాలుగు నెలలు నిండువరకు ఈ శ్రమ తప్పదు. తరువాత దినమునకు నాలుగు, ఆరు నెలలకు మూడు పూటలు చాలును.

తినకపోవుటకు కారణము అన్ని వేళల నాలుకలోనే ఉండదు. మా ఇంట మూడు దినములు దొరకని దొంగ పళ్ళెమే. నున్నని గచ్చుమీద స్టీలు పళ్ళెము మూతి తగులగానే జారి, గోడకు కొట్టుకొని ఖంగుమనును. అరచేతి ప్రాణికి ఆ శబ్దము దేవాలయపు గంట వంటిది. క్రింద తడిగుడ్డ పరచి, దానిపై లోతు లేని పింగాణి సాసరు పెట్టితిమి. చప్పుడు పోయినది, బెదురు పోయినది. లోతైన గిన్నె అంచు గొంతునకు ఒత్తుకొనుట, చుట్టు మనుష్యులు మూగి చూచుట, రాకపోకల దారిలో పళ్ళెము పెట్టుట, ఇవియు అట్టివే. కుక్క నాలుకపై రుచి తెలియు మొగ్గలు మనకున్నవానిలో అయిదవ వంతు కూడ లేవు. అది ముక్కుతో భుజించును. ఫ్రిజ్జులోనుండి తీసిన చల్లని ముద్దకు వాసన లేదు. గోరువెచ్చని నీటితో కలిపి, మన మణికట్టుపై వేసి చూచిన వెచ్చగా తోచునంత చేసి పెట్టినపుడు అదే ముద్దను మిరియము నాకి శుభ్రము చేసెను.

కొత్త ఇంటికి వచ్చిన పిల్లకు అక్కడ తినుచున్న తిండినే మొదటి దినములలో పెట్టవలెను. తల్లిని, తోబుట్టువులను, పరచుకొన్న గోనెను ఒక్కనాడే పోగొట్టుకొన్న ప్రాణికి తిండి వాసనయైనను ఎరిగినదిగా ఉండవద్దా? అమ్మువానిని అడిగి నాలుగు దోసిళ్ళు తెచ్చుకొని, మన తిండిని వారము పది దినములలో మెల్లమెల్లగా కలుపుచు మార్చవలెను. మేము అడుగలేదు.

ఇక ఏమి పెట్టవలెనన్న ప్రశ్న. పెరుగన్నము పెట్టవచ్చునా యని శాకాహారుల ఇండ్లలో తప్పక అడుగుదురు. అన్నము కుక్కకు విషమను మాట సరికాదు. మనిషి చెంత చేరిన కుక్క పిండిపదార్థములు జీర్ణించుకొను శక్తిని తోడేలుకన్న ఎక్కువగా సంపాదించినదని 2013లో వెలువడిన జన్యుపరిశోధన తెలిపినది. చిక్కు వేరొకటి. మెత్తని పెరుగన్నము నూరు గ్రాములలో సుమారు వంద కాలరీలుండును. 600 గ్రాముల పిల్లకు కావలసిన 140 కాలరీలు దానినుండియే రావలెనన్న 140 గ్రాములు, అనగా తన బరువులో నాల్గవ వంతునకు చేరువగా తినవలెను. అంత పట్టు పొట్ట దానికి లేదు. మజ్జిగన్నమైనచో చెప్పనే అక్కరలేదు. నీటితో పొట్ట ఉబ్బును, బలము చేరదు. పైగా ఎదుగుదలకు వలయు మాంసకృత్తులు, సున్నము అందులో చాలవు. పిల్లలకని తయారైన ఎండుతిండి నూరు గ్రాములలో 350 మొదలు 400 కాలరీల వరకుండును; నలుబది గ్రాములను గోరువెచ్చని నీట పదినిమిషములు నానబెట్టి అయిదారు పూటలకు పంచిన దినము గడచును. ఉడికించిన గ్రుడ్డు ఒకటి డెబ్బది కాలరీలు, అనగా సగము దినపు గ్రాసము! తెల్లసొన, పచ్చసొన కలిపి చిదిపి ఒక చెంచా పైన చల్లిన, ఎండుతిండికి వాసన వచ్చును, బలమును వచ్చును. కాని పైన చల్లునది పదవ వంతు మించరాదు. మించెనా, అడుగునున్నది మిగిలిపోవును.

పాల విషయమున మన ప్రేమను కొంచెము అదుపులో పెట్టుకొనవలెను. కుక్కపాలలో క్రొవ్వు నూటికి తొమ్మిది పాళ్ళు, మాంసకృత్తులు ఏడెనిమిది, పాలచక్కెర మూడున్నర ఇంచుమించుగా ఉండును. ఆవుపాలలో క్రొవ్వు నాలుగు, మాంసకృత్తులు మూడు పైచిలుకు మాత్రమే, పాలచక్కెరయో అయిదునకు చేరువ. గేదెపాలు క్రొవ్వులో కొంత మెరుగు గాని పాలచక్కెరలో తేడా లేదు. అరుగని పాలచక్కెర విరేచనములు కలిగించును. ఆరువందల గ్రాముల దేహమునకు రెండు విరేచనములు చిన్న విషయము కాదు. తోడుపెట్టిన పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గును గనుక పెరుగు ఒక చెంచా మేలు.

వట్టి మాంసమే పెట్టుట బలమనుకొనువారు మరియొక గట్టు ఎక్కి పడుదురు. మాంసములో భాస్వరము సున్నముకన్న పదునైదు ఇరువది రెట్లు అధికము. సున్నము చాలక దేహము ఎముకలనుండియే తీసికొనును. సోఫామీదనుండి దూకిన పిల్ల కాలు పుటుక్కున విరుగును. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసులు, కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాకలెట్టు కుక్కలకు విషములు. చక్కెర లేనివని అమ్ము చూయింగ్ గమ్ములలోని జైలిటాల్ అయితే రక్తములోని చక్కెరనే పడగొట్టును. ఈ కూనలకు అంతకు మించిన శత్రువు లేదు. వంటకములోని కిస్‌మిస్‌ను ఏరి కుక్కకు వేయు అలవాటు మాకు ఉండెడిది, అందుచేత దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము. నోరు తెరచి బలవంతముగా కుక్కుట, సిరంజితో పోయుట వైద్యుడు చెప్పి చూపిననే తప్ప చేయరాదు.

తినని ప్రతి పిల్లయు పెంకిది కాదు. ఏలికపాములు తల్లి గర్భమునందే పిల్లకు సంక్రమించును. రెండవ వారమునుండియే మందు మొదలుపెట్టి కొన్ని మార్లు వేయవలసియుండగా, అమ్మువారిలో ఎందరు వేయుదురు? ఉబ్బిన పొట్ట, ఎండిన వెన్ను కనబడిన ముందు అది అడుగవలెను. వాంతులు, నెత్తురుతో కూడిన విరేచనములు వచ్చినచో పార్వో కావచ్చును. 1978లో మొదటిసారి ప్రపంచము గుర్తించిన ఈ వ్యాధి టీకా పడని పిల్లలను రెండు మూడు దినములలో తీసికొనిపోగలదు. నాల్గవ నెల మొదలు పాలపళ్ళు ఊడువేళ చిగుళ్ళు నొచ్చి కొన్నాళ్ళు తిండి తగ్గుట కలదు. టాయ్ జాతులలో పాలపళ్ళు ఊడక కొత్తపళ్ళ ప్రక్కనే నిలిచిపోవుటయు తరచు. ఎంత తిన్నను ఎదుగక, తిన్న పిమ్మట మత్తుగా తూగు పిల్లకు, ముఖ్యముగా యార్క్‌షైర్ టెర్రియర్లలో, కాలేయమును తప్పించుకొని రక్తము ప్రవహించు పుట్టుకలోపము ఉండవచ్చును. తిరుపతి, గన్నవరము, రాజేంద్రనగరములలోని పశువైద్య కళాశాలల కడకు అట్టివానిని కొనిపోయి చూపించుట మంచిది.

వీటన్నిటిని ఇంటివద్ద పసిగట్టుటకు మాకు ఉపయోగపడిన పరికరము వంటింటి తూకపు యంత్రము. పిండి తూచుటకు కొన్నది. దినమును ఒకే వేళకు, మొదటి పూటకు ముందు, చిన్న బుట్టలో మిరియమును కూర్చుండబెట్టి తూచి, మా అమ్మాయి నోటుపుస్తకములో వ్రాయుచు వచ్చెను. కంటికి పిల్ల నిన్నటివలెనే ఉండును, అంకె అట్లు కాదు. మొదటి రెండు దినములలో మిరియము 620నుండి 590కి దిగెను. ముప్పది గ్రాములే గదా యనిపించును; అరువది కిలోల మనిషి రెండు దినములలో మూడు కిలోలు తగ్గినట్లు. ఆ పుస్తకము ముందే ఉండియుండినచో ఆ తెల్లవారుజాము మాకు వచ్చియుండెడిది కాదు. డాక్టరుగారు మా మాటలకన్న ఆ పుస్తకమునే ఎక్కువ శ్రద్ధగా చదివిరి.

కొత్త పద్ధతిలో మొదటి రెండు దినములు కష్టముగా గడచినవి. మిరియము సాసరు చూచును, మా చేతులు చూచును, అరచును. మా ఆవిడ వంటింటిలోనికి పోయి తలుపు వేసికొనెను, చూడలేక. మూడవనాటి మధ్యాహ్నము రెండవమారు పెట్టినపుడు సగము తినెను. ఆరవనాటికి సాసరు చప్పుడు వినగానే పరుగెత్తివచ్చుట మొదలుపెట్టెను. 720 అంకె దాటి 731 అయినది. ఆ పుటలో మా అమ్మాయి ఒక నక్షత్రము వేసెను.

ఆపైన సంక్రాంతి వచ్చినది. ఇంటినిండ చుట్టములు, పళ్ళెములనిండ అరిసెలు, జంతికలు. అరచేతిలో ఇముడు కుక్కను చూచి చేయి ఊరుకొను మనిషి ఉండునా? భోగినాటి ఉదయము మిరియమును తూచినపుడు వెయ్యి దాటి పది గ్రాములు చూపెను. మా అమ్మాయి పలకమీద పెద్ద అక్షరములతో "మిరియానికి ఎవ్వరూ ఏమీ పెట్టవద్దు. తన వేళకు తానే తింటుంది" అని వ్రాసి గుమ్మమునకు తగిలించి, దాని ప్రక్కన కాపలాకు మా అమ్మగారిని కూర్చుండబెట్టెను. మా బావగారు అరిసె తుంచి క్రిందికి వంగినపుడు ఆవిడ ఆ చేతిని పట్టుకొని, "ఆరింటికి దాని పూట. అంతవరకు ఆగండి నాయనా" అనిరి.